ఆరువందల పద్నాలుగులో మహీన్

కబ్రస్తాన్ గేటు పక్కనున్న గదిలో సలీమా ఏళ్ల తరబడి పనిచేస్తోంది. గేటు దాటి లోపలికి మాత్రం ఒక్కసారీ పోలేదు. ఆ వాడలో ఆడవాళ్లు లోపలికి పోరు. ముసలిదైనా పడుచుదైనా గేటు దగ్గరే ఆగి, చేతులెత్తి దువా చేసి, వెనక్కి మళ్లుతారు. పోకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టనక్కర లేదు.

గదికి కిటికీ ఒకటే, వీధి వైపు. వెనక గోడకు కిటికీ లేదు. ఆ గోడ అవతల గడ్డపార నేలలో దిగే చప్పుడు వినిపిస్తుంది. ఎండాకాలం ఒక తీరుగా, వానాకాలం ఒక తీరుగా. లోపల ఎన్ని చెట్లున్నాయో ఆమెకు తెలియదు. ఏ మూల ఏ గోరీలో ఎవరున్నారో మాత్రం నంబర్లలో తెలుసు.

ఆ నంబర్లలో ఒకటి ఆమెది. ఆరువందల పద్నాలుగు. పడమటి గోడ పక్క, పిల్లల మూల.

సలీమాకు తొలిచూలు ఆడపిల్ల. ఐదు రోజులు బతికింది. ఏడో రోజు అఖీఖా చేసి, వెంట్రుకలు తీయించి, పేరు పెట్టాలని అనుకున్నారు. ఏడో రోజు రాలేదు. తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డను భర్త షాహెద్ రెండు చేతుల మీద ఎత్తుకుని పోయాడు. బహదూర్‌పురాలో తల్లిగారింట, గోడవైపు తిరిగి పడుకుని, పాలు గడ్డకట్టి రాళ్లైన రొమ్ములతో సలీమా ఆ అడుగుల చప్పుడు వింది. మగవాళ్లు పోయి వచ్చారు. కాళ్లు కడుక్కున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ ఊసెత్తలేదు. ఎత్తాల్సి వస్తే బచ్చీ అన్నారు. మొదటి బచ్చీ.

కడుపుతో ఉన్నప్పుడే సలీమా ఒక పేరు అనుకుంది. మహీన్. దిష్టి తగులుతుందని పైకి అనలేదు. పేరు పెట్టే హక్కు అత్తది, ఆమెకు కోపం వస్తుందని కూడా అనలేదు. బిడ్డ పోయాక అనడానికి ఏమీ లేకపోయింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. బడికి పోతున్నారు. ఇల్లు వాళ్ల లొల్లితో నిండిపోయింది.

షాహెద్‌కు ట్రాలీ ఆటో ఉంది. పొద్దున్నే గుడిమల్కాపూర్ పోయి గులాబీలు తెచ్చి, కబ్రస్తాన్ గేటు ముందు పూల బండ్లకు వేస్తాడు. అట్లా కమిటీ సెక్రటరీ గులాం నబీ సాబ్‌తో పరిచయం. సాబ్ కళ్లకు శుక్లాలు వచ్చాయి. పాత రిజిస్టరు చెదలు పట్టింది. అంతా కంప్యూటర్‌లో పెట్టాలని కమిటీ అనుకున్నప్పుడు షాహెద్ అన్నాడు: "మా ఇంటామె పెండ్లికి ముందు టైపు నేర్చుకున్నది సాబ్."

ప్రోగ్రామ్ రాయడానికి పురానాపూల్ అవతలి నుంచి కృపాకర్ వచ్చాడు. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రవాడు. దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు రాసిస్తాడు. ఆ రోజు గదిలో కమిటీ పెద్దమనుషులు నలుగురైదుగురు కూర్చున్నారు. గుమ్మం దగ్గర గోరీలు తవ్వే మౌలా చాచా నిలబడ్డాడు. మూలన కొత్త కంప్యూటర్ ముందు సలీమా.

"ఒక్క ముచ్చట చెప్పుండ్రి సాబ్," అన్నాడు కృపాకర్. "ఒకల్లకు ఉన్నది ఇంకొకల్లకు ఉండొద్దు. గసొంటిది ఏమున్నది?"

"పేరు," అన్నాడు ఒక పెద్దమనిషి.

"పేరా? మీ కమిటీలనే ఇద్దరు గులాం నబీలున్నరు గదా."

అందరూ నవ్వారు. ఆ రెండో గులాం నబీ ఎక్కువ నవ్వాడు.

"బాపు పేరు కలిపి రాస్తే?"

"అవి గూడ కలుస్తయి సాబ్. దునియాల ఇంకొకరికి రానిది కావాలె. దాన్ని ప్రైమరీ కీ అంటరు. కంప్యూటర్ మనిషిని గుర్తుపట్టది. కీని గుర్తుపడ్తది. కీ కొత్తదైతే కొత్త మనిషిని లోపల పెడ్తది. పాతదైతే ఉన్న మనిషినే మారుస్తది. గంతే దానికి తెలిసింది."

గులాం నబీ సాబ్ కాసేపు ఆలోచించాడు. "గోరీ నంబరు," అన్నాడు. "మనుషులు మారుతరు. గోరీ నంబరు మారదు."

"మంచిగుంది. ఒక గోరీల ఒకల్లే గదా సాబ్?"

మౌలా చాచా తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఊరు పెరిగింది, కబ్రస్తాన్ గోడ పెరగలేదు. రాయి పాతని గోరీ ఏళ్లు గడిచేకొద్దీ కుంగి నేలలో కలిసిపోతుంది. అప్పుడు దాన్నే మళ్లీ తవ్వుతారు. ఎముకలు కనబడితే ఒక పక్కకు చేర్చి, మట్టి కప్పి, కొత్త మనిషిని పడుకోబెడతారు. అది పాపం కాదు. వాళ్ల తాతలు అట్లాగే ఉన్నారు, రేపు వాళ్లూ అట్లాగే ఉంటారు. కానీ శవాన్ని మోసుకొచ్చిన వాడి ముందు ఆ మాట అనరు. బయటి మనిషి ముందు అసలే అనరు. చుట్టం తింటున్నప్పుడు ఇంట్లో బియ్యం అయిపోయాయని అంటామా? అట్లాంటిదే అది.

"ఒకల్లే," అన్నాడు గులాం నబీ సాబ్.

కృపాకర్ రాసుకున్నాడు.

రిజిస్టరులో మిగిలిన పేర్లన్నీ సలీమా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. చెదలు తిన్నచోట మౌలా చాచాను అడిగింది. ఒక మధ్యాహ్నం ఆరువందల పద్నాలుగు వచ్చింది. ఉర్దూలో వంకరగా రాసి ఉంది: బచ్చీ, తండ్రి షాహెద్, వయసు ఐదు రోజులు. సలీమా వేలు ఆగింది. కిటికీలోంచి చూసింది. వీధిలో ఎవరి పనిలో వాళ్లున్నారు. పేరు గడిలో మహీన్ అని రాసింది. రాసి, సేవ్ నొక్కి, తర్వాతి నంబరుకు పోయింది.

ఆ పేరు లోకంలో ఆ ఒక్క చోటే ఉంది. కాగితం మీద లేదు, రాతి మీద లేదు, ఇంట్లో ఎవరి నోటా లేదు. పని లేని పూట ఆమె ఆరువందల పద్నాలుగు అని కొట్టేది. తెర మీద మహీన్ వచ్చేది. చూసి మూసేసేది.

ఎక్కించడం అయిపోయాక పాత రిజిస్టరును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. అబ్దుల్లా, రహీముల్లా అని పేజీ పేజీకీ అల్లా పేరున్న కాగితాలు. చెత్తలో వేయరాదు, కాల్చరాదు. తెల్లటి సంచిలో కట్టి, బరువు కోసం ఒక రాయి వేసి, పురానాపూల్ మీద నుంచి మూసీలో వదిలారు.

వానాకాలం మొదలయ్యాక పాత నంబర్లు మళ్లీ రాసాగాయి. మౌలా చాచా కిటికీ దగ్గరికి వచ్చి నంబరు చెబుతాడు. సలీమా కొడుతుంది. తెర మీద చిన్న డబ్బా లేస్తుంది: ఈ నంబరు ఇప్పటికే ఉంది, మార్చాలా? అవును అంటే పాత మనిషి వివరాలు గడుల్లో కనబడతాయి. ఒక్కో గడిని తుడిచి కొత్త మనిషిని రాయాలి. కాదు అంటే ఏదీ జరగదు. కొత్తగా చేర్చమంటే ఒప్పుకోదు.

మొదటిసారి ఆమె కృపాకర్‌కు ఫోన్ చేసింది.

"ఉన్న నంబరు మళ్లొస్తే ఏం జెయ్యాలె భాయ్?"

"ఎందుకొస్తది అక్కా? ఒక గోరీల ఒకల్లే అన్నరు గదా."

"ఒచ్చింది భాయ్," అంది సలీమా.

"ఓ," అన్నాడు కృపాకర్. "గీ ముచ్చట ఆ దినమే చెప్తే అయిపోతుండె గదక్కా. మా చర్చి సమాధులల్ల గూడ గట్లనే చేస్తరు. నేనేమన్న అనుకుంటుంటినా?" నవ్వాడు. "గోరీకి కాదు, మనిషికియ్యాలె నంబరు. ఒచ్చినోళ్లకల్లా ఒక కొత్త నంబరు. గోరీ నంబరు పక్క గడిల ఉంటది. రెండు దినాల పని. సాబ్ ఊ అంటే వస్త."

సాబ్ ఊ అనలేదు.

"మనిషికో నంబరిస్తే ఏమైతది బేటీ? ఎవడో వచ్చి మా అబ్బా ఏడున్నడంటడు. నువ్వు నొక్కుతవు. అబ్బా పక్కపొంటి ఇంకో ఇద్దరు లేస్తరు తెర మీద. వాడు చూస్తడు. తెల్లారి గేటు ముందల లొల్లి. నేల యాడికెల్లి తేవాలె నేను, మూసీల పరవాల్నా?"

"మరి పాత పేర్లు సాబ్?"

"పాత పేర్లు అల్లా దగ్గరుంటయి. ఆయనకు కంప్యూటర్ ఎందుకు?"

సలీమా మళ్లీ అడగలేదు. తుడిచే ముందు పాత పేరును పెదవుల మీదే ఒకసారి చదివేది. అంతకు మించి ఆమె చేయగలిగింది లేదు. గుల్బర్గా నుంచి ఒక ముసలాయన అన్న గోరీ వెతుక్కుంటూ వచ్చాడు. పేరు కొట్టి చూసింది. లేదు. ఎందుకు లేదో ఆమెకు తెలుసు. సాబ్ నేర్పిన మాట చెప్పింది.

"పాత రికార్డు చాచా. చెదలు తిన్నయి."

"తింటయి," అన్నాడాయన. "వాటికి గూడ ఆకలుంటది గదా." గేటు దగ్గరికి పోయి చేతులెత్తాడు. "అందరి పేరు మీద సదువుత. అందరిల మావోడు గూడ ఉంటడు."

ఆమె ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. మర్నాడు తింది. పని పనే.

ఈ ఏడు వానలు ముదిరాక, ఒక ఉదయం మౌలా చాచా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. చేతులకు తడిమట్టి.

"పసిపిల్ల, బేటీ. ఆరువందల పద్నాలుగు రాయి."

సలీమా తల ఎత్తింది. చాచాకు ఆ నంబరు ఎవరిదో తెలియదు. ఆ బిడ్డను మట్టిలో పెట్టిన రోజుల్లో తవ్వినవాడు ఆయన అన్న, ఈయన కాదు.

"పక్కది లేదా చాచా?"

"పక్కది మొన్ననే తీసిన. దాని పక్కది ఇంకా పచ్చిగుంది. పిల్లల మూల ఎంతుంటది బేటీ, చాప పరిచినంత."

"తవ్వినవా?"

"తవ్విన."

ఇంకో మాట ఆమె అడగకుండానే చాచా చెప్పాడు.

"ఏం లేదు లోపల. సాఫ్‌గున్నది, ఉత్త మట్టి. గింత చిన్నోళ్లను భూమి జల్ది తీస్కుంటది."

ఆయన పోయి కొళాయి కింద చేతులు కడుక్కున్నాడు. కాసేపటికి బిడ్డ తండ్రి వచ్చాడు. షాబాజ్ అని, జూ పార్కు రోడ్డు మీద పంక్చర్లు వేస్తాడు. వేళ్ల గీతల్లో నల్లటి మసి. ఎంత కడిగినా పోని మసి.

"పేరు?" అంది సలీమా.

"నా పేరు షాబాజ్."

"బిడ్డ పేరు."

"పెట్టలే అక్కా. మూడు దినాలకే పాయె." చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "ఏడో దినం పెడ్దామనుకున్నం. బచ్చీ అని రాయుండ్రి."

సలీమా ఆరువందల పద్నాలుగు కొట్టింది. డబ్బా లేచింది. మార్చాలా? కిటికీ బయట షాబాజ్ నిలబడి ఉన్నాడు. మట్టి చేసినట్టు ఆమె అచ్చు తీసిచ్చే కాగితం లేకపోతే వార్డు ఆఫీసులో అతని బిడ్డ పుట్టినట్టూ ఉండదు, పోయినట్టూ ఉండదు. వేరే నంబరు వేస్తే అతను బతికినంత కాలం వేరేవాళ్ల గోరీ మీద పూలు చల్లుతాడు. అవును నొక్కింది.

గడులు తెరుచుకున్నాయి. తండ్రి: షాహెద్. తుడిచింది. షాబాజ్ అని రాసింది. వయసు తుడిచింది, రాసింది. తేదీ తుడిచింది, రాసింది. పేరు గడి మిగిలింది.

మహీన్.

ఈ బిడ్డకు పేరు లేదు. ఈ పేరుకు ఉండటానికి ఇంకో చోటు లేదు. ఇద్దరూ ఒకే మట్టిలో ఉన్నారు. ఎవరి దగ్గరి నుంచి ఏం తీసుకున్నట్టు? ఆ గడి మీద ఆమె చెయ్యి పెట్టలేదు. మిగతా గడులు మార్చి, ఆ ఒక్కదాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలి, సేవ్ నొక్కింది. కంప్యూటర్ అభ్యంతరం చెప్పలేదు. కీ ఒక్కటే కదా.

కాగితం అచ్చు తీసి ఇచ్చింది. షాబాజ్ చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటి ముందు షాహెద్ మిగిలిన గులాబీల మీద నీళ్లు చల్లి తడిగుడ్డలో మూట కడుతున్నాడు. సలీమా గడప మీద కూర్చుంది.

"మన బచ్చీకి పేరు పెడితే ఏం పెడ్తుంటివి?"

"ఏ బచ్చీ?" అన్నాడు. తర్వాత చేతులు ఆగాయి. "ఇప్పుడేంది ఆ ముచ్చట?"

"ఊకెనే."

"అమ్మీ ఏమంటే అదే పెడ్తుంటిమి."

"నువ్వేమనుకున్నవంటున్న."

"నేనేమనుకోలే సలీమా. ఐదు దినాలు. మొఖం గూడ యాదికి లేదు నాకు." తడిసిన మూటను రెండు చేతుల మీద ఎత్తి పట్టుకున్నాడు. "బరువు యాదికున్నది. గింతే ఉండె." మూటను జాగ్రత్తగా కింద పెట్టాడు.

ఆ పూట పేరు చెబుదామనుకుంది. నాలుక చివరికి వచ్చింది. ఇద్దరు కొడుకులూ ఒకడి మీద ఒకడు ఫిర్యాదు చేసుకుంటూ వీధిలోంచి ఊడిపడ్డారు. లేచి లోపలికి పోయింది.

కొన్ని రోజుల తర్వాత, ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, బురఖాలో ఒక పడుచు గోడ పట్టుకుంటూ వచ్చింది. బాలింత నడక. నలభై రోజులు నిండకుండా గడప దాటరాదు. దాటి వచ్చింది. వెనక కొంచెం దూరంలో షాబాజ్ తల దించుకుని నిలబడ్డాడు. ఆమె కాగితాన్ని కిటికీలోంచి లోపలికి తోసింది.

"ఈ మహీన్ ఎవరు?"

సలీమా కాగితం వైపు చూసింది. అది తను ఇచ్చిందే. మడతల మీద మసి వేలిముద్రలు.

"వార్డు ఆఫీసుల సార్ సదివిండట. మహీన్, తండ్రి షాబాజ్. ఈ మనిషి ఆఁ ఆఁ అనుకుంట సంతకం పెట్టొచ్చిండు."

"పేరు లేదు గదా మరియం," అన్నాడు షాబాజ్ వెనక నుంచి. "వాళ్లు ఏదో ఒకటి రాసి ఉంటరు. ఉండనీ అనుకున్న."

"నువ్వు ఊకో. పంక్చరేసినట్టు ఏదో ఒకటి అతికిస్తే అయితదా?" మళ్లీ సలీమా వైపు తిరిగింది. "పేరు లేదని ఎవరు చెప్పిండ్రక్కా నీకు? నన్నడిగినవా?"

"ఆయన చెప్పిండు."

"ఆయనకేమెరుక. కడుపుల ఉన్నప్పటి సంది ఉన్నది నా బిడ్డకు పేరు. సఫూరా. దిష్టి తగుల్తదని ఎవరికీ చెప్పలే. దునియాల దానికి మిగిలేది ఈ ఒక్క కాయిదం. అండ్ల వేరేటోళ్ల పేరు పెడ్తవా?"

సలీమా లేచి తలుపు తీసింది. ఆమెను లోపలికి పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. గ్లాసుతో నీళ్లిచ్చింది. మరియం తాగలేదు, చేతిలో పట్టుకుంది. ఆమె పక్కన నిలబడే సలీమా కీబోర్డు మీదికి వంగింది.

ఆరువందల పద్నాలుగు. మార్చాలా? అవును.

పేరు గడిలో మహీన్ చివర సన్నని గీత మినుకుమంటోంది. సలీమా ఆ పేరును పెదవుల మీద ఒకసారి చదివింది. వెనక్కి నొక్కింది. ఒక్కో అక్షరం పోయింది. గడి ఖాళీ అయింది. గీత ఒక్కటే మినుకుమంటోంది.

"సఫూరా," అంది మరియం.

సఫూరా అని రాసింది. సేవ్ నొక్కింది. అచ్చు తీసి, కాగితం చేతికిచ్చింది. మరియంకు చదువు రాదు.

"సదివి చెప్పక్కా."

"సఫూరా. తండ్రి షాబాజ్."

"ఇంకోసారి."

"సఫూరా."

మరియం కాగితాన్ని బురఖా లోపల పెట్టుకుంది. కోపం దిగిపోయాక ఆమె చాలా చిన్నపిల్లలా కనబడింది. లేవబోయి ఆగింది.

"ఆ మహీన్ ఎవరక్కా? వాళ్లమ్మ వెతుక్కుంటదేమో."

"ఎవరూ లేరు. నా చేతి తప్పు."

"లోపల..." మరియం వెనక గోడ వైపు చూసింది. గడ్డపార చప్పుడు వినిపిస్తోంది. "నా బిడ్డ ఒక్కతే ఉన్నదా అండ్ల? చీకటైతే ఫికరైతది నాకు. గింతంత పిల్ల. ఒక్కతే ఉన్నదా?"

సలీమా నోరు తెరిచింది. చెప్పడానికి ఒక మాట ఉంది. ఆ మాట ఆ గదిలో బయటివాళ్ల ముందు ఎవరూ ఎన్నడూ అనలేదు.

"ఒక్కతే," అంది.

మరియం తల ఊపింది. బయటికి పోయి గేటు దగ్గర ఆగి, చువ్వల్లోంచి పడమటి గోడ వైపు చూస్తూ రెండు చేతులూ ఎత్తింది. సలీమా కుర్చీలో కూర్చోలేదు. వెనకే పోయి ఆమె పక్కన నిలబడింది. ఆమె కూడా చేతులెత్తింది. పిల్లల మూల అక్కడికి కనబడదు. ఇద్దరూ అటువైపే చూశారు.

దువా అయ్యాక మరియం ముఖం తుడుచుకుని పక్కకు తిరిగింది. కంప్యూటర్ దగ్గరి ఆమె తన బిడ్డ కోసం చేతులెత్తి నిలబడటం చూసింది.

"షుక్రియా అక్కా," అంది.

సలీమా తల ఊపింది.